ఓడకు ప్లగ్ పెట్టించేది ఎవరు?

ఓడ రేవుకు చేరి తాళ్లు కట్టేశాక దాన్ని నడిపే పెద్ద ఇంజిన్ ఆగిపోతుంది, కానీ లోపల లైట్లు, పంపులు, వంటగది, ఏసీలు, చల్లగా ఉంచాల్సిన కంటైనర్లు ఇవేవీ ఆగవు కాబట్టి వాటికి కరెంటు ఇవ్వడానికి డీజిల్ జనరేటర్లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ పొగంతా పోయేది రేవును ఆనుకుని కాపురాలుంటున్న వాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు. ఒడ్డు నుంచి కేబుల్ లాగి ఓడకు కరెంటిస్తే జనరేటర్లు ఆపేయొచ్చు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే హైవోల్టేజీ లైను వేసి సరుకు ఓడలకు ఇచ్చింది. అలాస్కాలోని జూనో 2001లో జలవిద్యుత్తును క్రూయిజ్ ఓడలకు అమ్మడం మొదలుపెట్టింది. ఏ రేవులో ఏ ఓడ ఆగినా కనెక్షన్ కుదిరేలా 2012లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలా రేవుల్లో ఓడలు పొగ వదులుతూనే నిలబడుతున్నాయంటే లోపం టెక్నాలజీలో లేదనే కదా.

ఓడల్లో ప్లగ్ లేదు, మేం కోట్లు పోసి సబ్‌స్టేషన్ కట్టి ఏం లాభం అంటారు రేవు వాళ్లు. రేవుల్లో సాకెట్ లేదు, మేమెందుకు ఓడను మార్చాలి అంటారు ఓడ యజమానులు. ఇద్దరి మాటా నిజమే, అందుకే ఇద్దరూ హాయిగా ఉన్నారు!

ఈ పీటముడి ఎక్కడ విడిపోయిందో చూడండి. లాస్ ఏంజెలెస్ రేవులో 2004లో కంటైనర్ ఓడలకు ఒడ్డు కరెంటు అందిందంటే దానికి కారణం కొత్త టెర్మినల్ మీద చుట్టుపక్కల జనం, పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కడం, ఆ కేసులో రాజీ కుదరడం. తర్వాత కాలిఫోర్నియా 2007లో రూలే పెట్టేసింది. ఓడ కంపెనీలు తమ రాకల్లో 2014 నుంచి సగం, 2020 నాటికి 80 శాతం జనరేటర్లు ఆపి ఒడ్డు కరెంటు వాడాలన్నది దాని సారాంశం. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసి రెండు వైపులా ముడి బిగించింది. 2030 మొదలయ్యేసరికి పెద్ద రేవులు కరెంటు సిద్ధంగా ఉంచాలి, అక్కడ ఆగే పెద్ద కంటైనర్, ప్రయాణికుల ఓడలు కొన్ని మినహాయింపులు పోను దాన్ని వాడి తీరాలి. మా దృష్టిలో సరైన దారి ఇదే. ఒకదానితో ఒకటి కలవకుండా రేవుకొక గడువు, ఓడకొక గడువు పెట్టుకుంటూ పోతే సాకెట్లు ప్రారంభోత్సవం ఫొటోల్లో తప్ప పనికిరావు.

డబ్బు సంగతి కూడా దాచిపెట్టి లాభం లేదు. చాలా ఓడల్లో కరెంటు 60 హెర్ట్జ్ (అంటే సెకనుకు 60 సార్లు ఊగేది), చాలా దేశాల గ్రిడ్ 50 హెర్ట్జ్, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడానికి మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, అది చవక కాదు. పైగా అంతర్జాతీయ ఓడలు కాల్చే ఆయిల్‌కు మామూలుగా పన్ను ఉండదు, ఒడ్డున ఇచ్చే కరెంటుకు మాత్రం చాలాచోట్ల ఉంటుంది. పొగకు రాయితీ, ప్లగ్‌కు పన్ను! స్వీడన్, జర్మనీ 2011లో యూరోపియన్ యూనియన్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ ఈ పన్ను తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఇక అసలు తిరకాసు ఒడ్డున వచ్చే కరెంటు దేంతో తయారవుతోందన్నది. బొగ్గుతో నడిచే గ్రిడ్‌కు ఓడను తగిలిస్తే మన చెత్తను పొరుగువాళ్ల గుమ్మంలోకి ఊడ్చినట్టేనని విమర్శకులంటారు. సగం నిజం. రేవు పక్కన జనానికి గాలి బాగుపడుతుంది, అది చిన్న విషయం కాదు, కానీ వాతావరణానికి ఒరిగేది తక్కువ. అలాగని గోదాముల కప్పుల మీద సోలార్ పలకలు పరిచి గ్రీన్ పోర్ట్ అని బోర్డు పెట్టుకుంటే సరిపోదు. పెద్ద క్రూయిజ్ ఓడ ఒక్కటే పది మెగావాట్ల దాకా లాగుతుంది. ఒక మెగావాటు సోలార్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, అదీ మంచి ఎండలో తప్ప పూర్తిగా రాదు, ఓడేమో రాత్రి కూడా కట్టే ఉంటుంది. కప్పుల మీది సోలార్ ఆఫీసులకు, లైట్లకు, కొంతవరకు క్రేన్లకు పనికొస్తుంది. ఓడల కోసం రేవులు గాలి, జల విద్యుత్ కంపెనీలతో దీర్ఘకాల ఒప్పందాలు చేసుకోవాలి, నాలుగు ఓడలు ఒకేసారి వచ్చినప్పుడు గ్రిడ్ మీద పడే బరువుకు బ్యాటరీలు పెట్టుకోవాలి. ఎన్ని గంటలు ఎన్ని ఓడలు కరెంటు వాడాయి, ఆ కరెంటు ఎక్కడిది అన్నది నెలనెలా బయటపెట్టాలి.

దీంతోనే నౌకా రవాణా శుభ్రపడిపోతుందని మేం అనడం లేదు. ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు 3 శాతం ఓడలదే, అందులో ఎక్కువ భాగం సముద్రం మీద వెలువడేదే. ఆయిల్ ట్యాంకర్లలో సరుకు తోడే పంపులు చాలావరకు ఆవిరితో నడుస్తాయి, కేబుల్ తగిలించినా బాయిలర్ ఆగదు.

కన్వర్టర్లకు, సబ్‌స్టేషన్లకు ఏళ్లు పడతాయి, ఒప్పుకుంటాం. కానీ ఇప్పటికే సాకెట్ ఉన్న రేవుల్లో ప్లగ్ పెట్టుకునే ఓడకు ముందు బెర్త్ (ఓడను కట్టే చోటు) ఇవ్వడానికి, ప్లగ్ ఉండి కూడా జనరేటర్ నడిపే ఓడకు చార్జీ పెంచడానికి రేవు యాజమాన్యం ఒక్క మీటింగ్ పెట్టుకుంటే చాలు.