అయ్యా లోకల్ టీవీ న్యూసూ, ఆ అమ్మాయి ఏమంది?

మహారాజశ్రీ 1960ల నాటి అమెరికా లోకల్ టీవీ న్యూస్ వారి దివ్యసముఖమునకు,

తమరి దయవల్ల నిన్న మధ్యాహ్నమంతా గంగలో కలిసింది. జార్జియాలో ఒక ఊరు, 1962, హక్కుల కోసం నల్లవాళ్ల ఊరేగింపు. క్లిప్పు దొరికిందన్న సంబరంతో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి ఒకతె పోలీసు మొహం మీదికి వేలు చూపించి ఏదో అంది. అతగాడు టోపీ సర్దుకుని పక్కకు చూశాడు. ఏమంది? వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచాను. అసలు సౌండే లేదు మహాప్రభో!

తమరి ఇబ్బందులు తెలియక కాదు. కీ తిప్పితే నడిచే చేతి కెమెరా, వంద అడుగుల రీలు, మూడు నిమిషాల్లోపే ఖతం. ఆ మూగబొమ్మ నడుస్తుంటే స్టూడియోలో పెద్దమనిషి కాగితం చూసి లైవ్‌లో చదివేసేవాడు. గొంతు గాల్లో కలిసింది, కాగితం చెత్తబుట్టకు పోయింది. వీడియో టేపా? ఖరీదు కదా, ఉన్నది చెరిపి మళ్లీ వాడుకునేవారు. మహా పొదుపరులు!

మరి అదే రీల్లో ఆ వెనకే వచ్చిన మేయరుగారికి సౌండ్ కెమెరా ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ? ఆయన దగ్గు కూడా శుభ్రంగా వినిపించింది. ఊరంతా ప్రశాంతంగా ఉందట. జైలుకెళ్లేవాళ్లకు మూగ కెమెరా, పంపేవాళ్లకు మైకూనా?

మిసిసిపీ రాష్ట్రంలోని మీ డబ్ల్యూఎల్‌బీటీ అనే టీవీ స్టేషను మరీ ఘనుడు. 1955లో నల్లవాళ్ల హక్కుల లాయరు థర్‌గుడ్ మార్షల్ తెరమీదికి రాగానే ‘క్షమించాలి, కేబుల్‌లో లోపం’ అని బోర్డు పెట్టేశాడు. మా దూరదర్శన్ ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ నయం, అది నిజంగానే చెడిపోయేది. ఆ ఘనుడి లైసెన్సు కోర్టు ఊడబీకేసరికి 1969 వచ్చింది.

ఆ 1969లోనే తెలంగాణ కోసం ఉస్మానియా పిల్లలు రోడ్డెక్కారు. హైదరాబాదుకు టీవీ వచ్చిందే 1977లో. మాకు పేపర్లే దిక్కు. ఆ లెక్కన తమరు మొహాలైనా మిగిల్చారు, కాదనను. కానీ నోరు కదులుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో తెలుసా? పెదాలు చూసి పోల్చుకుందామన్నా, సరిగ్గా అప్పుడే ఎవడో కత్తెరేశాడు! వాడి చేతులు విరగ.

ఆ కాగితం ఏ అటకమీదైనా పడుంటే పంపించండి. పోస్టు ఖర్చు నాదే.

ఇట్లు,
చెవులు రిక్కించి మోసపోయిన ప్రేక్షకుడు