లైను ఆగినప్పుడు మొదలయ్యే చదువు

ఫ్యాక్టరీలో లైను ఆగింది. రోబో చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కొత్త కుర్రాడైతే గబగబా ల్యాప్‌టాప్ తెరిచి పీఎల్‌సీ (మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతాడు. పాత టెక్నీషియన్ ముందు సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తోందని చెప్పే ఇన్‌పుట్ లైటు వెలుగుతోందా అని చూస్తాడు. వెలగడం లేదు. సెన్సర్ మీద పేరుకున్న నూనె మరకను గుడ్డతో తుడుస్తాడు. లైను కదులుతుంది.

ఆ గుడ్డ ఎప్పుడు పట్టుకోవాలో క్లాసులో కూర్చుంటే రాదు. అమెరికాలోని కెంటకీలో టయోటా 2010లో బ్లూగ్రాస్ కమ్యూనిటీ కాలేజీతో కలిసి మెయింటెనెన్స్ టెక్నీషియన్ల కోర్సు పెట్టినప్పుడు పట్టుకున్న కిటుకు ఇదే. ఇప్పుడు దాన్ని ఫేమ్ అంటున్నారు. వారంలో రెండు రోజులు క్లాసు, మూడు రోజులు ఫ్యాక్టరీ, మొత్తం ఐదు సెమిస్టర్లు. ఫ్యాక్టరీ రోజులకు జీతం ఇస్తారు, ఫీజు చాలావరకు అందులోనే గడిచిపోతుంది. కరెంటు, హైడ్రాలిక్స్, రోబోలతో పాటు టైముకి రావడం కూడా అక్కడ పాఠమే. ఈ కోర్సులో చేరినవారిలో దాదాపు 80 శాతం మంది పూర్తి చేశారని, మిగతా విద్యార్థుల్లో అది 29 శాతమేనని 2020లో అమెరికా పరిశోధన సంస్థ బ్రూకింగ్స్ అధ్యయనం తేల్చింది. అయితే కంపెనీలే పిల్లల్ని ఏరికోరి తీసుకుంటాయి కాబట్టి, ఆ 80లో కొంత ఎంపిక మహిమ కూడా ఉందనే నా అనుమానం.

మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో హైదరాబాద్‌లోని మల్లేపల్లిలో మొదలుపెట్టింది. ఖర్చు 2,324 కోట్లు. మంచి పనే. (ఐటీకి, ఐటీఐకి తేడా ఒక్క అక్షరమే అయినా పెళ్లి సంబంధాల దగ్గర అది ఎంత దూరమో అందరికీ తెలుసు. కొత్త రోబోలు వస్తే ఆ చిన్నచూపు కొంతైనా తగ్గుతుంది.)

కానీ ల్యాబ్‌లో రోబో బుద్ధిమంతుడిలా ఉంటుంది. దానికి దుమ్ము పట్టదు, నైట్ షిఫ్టు ఉండదు, వెనక నిలబడి ‘ఇంకెంతసేపు’ అని అరిచే సూపర్‌వైజర్ ఉండడు. ఆ టెన్షన్ లేకుండా మెయింటెనెన్స్ పని అబ్బదు. కెంటకీలో కాలేజీ పక్కనే ఫ్యాక్టరీ ఉంది. మనకు ప్రతి ఐటీఐ పక్కనా ఉండదు. అలాంటిచోట కనీసం ఫ్యాక్టరీ మనిషినైనా కాలేజీకి రప్పించాలి. పటాన్‌చెరు, జీడిమెట్లలో ముప్పై ఏళ్లు మెషీన్ల మధ్య గడిపి రిటైరైన వాళ్లున్నారు. డిగ్రీ లేదని గేటు దగ్గర ఆపకుండా వారానికో రోజు పిలిస్తే, పాడైన సెన్సర్ ఒకటి జేబులో వేసుకుని మరీ వస్తారు.