కథ చెప్పడమూ చదువే

బడులు తెరిచి నెల తిరగకముందే, నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో సాయంత్రమైతే ఒకటే గొడవ. నాలుగు గీతల కాపీలో ఒకే అక్షరాన్ని పేజీ నిండా దించాలి. పిల్లవాడు ఏడుస్తాడు, తల్లి కసురుతుంది, చివరి వరుసలు తల్లే వాడి చేయి పట్టుకుని పూర్తిచేస్తుంది. ఇంటి దగ్గర పిల్లల చదువు చూడడమంటే ఇదేనని చాలామంది నమ్ముతున్నారు. ఎల్‌కేజీలోనే ఇంత రాయిస్తున్నారని ఆ బడిని మెచ్చుకునేవారూ ఉన్నారు.

ఇంత రాసిన పిల్లలు చదవగలుగుతున్నారా? గ్రామీణ భారతంలో పిల్లల చదువు, లెక్కల స్థాయిని ఇంటింటా పరీక్షించే ‘అసర్’ సర్వే 2024లో, రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27.1 శాతమే. 2022లో ఇది 20.5 శాతం కాబట్టి కొంత మెరుగే. అయినా నలుగురిలో దాదాపు ముగ్గురికి ఆ పాఠం కొరుకుడు పడలేదు. ఈ లెక్కలో ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘నిపుణ్ భారత్’ పెట్టుకున్న గడువేమో 2026–27.

తెలుగు లిపిలో ఒక చిక్కుంది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడటానికి రెండు మూడేళ్లు పడుతుంది. పట్టుబడ్డాక మాత్రం ఏ మాటనైనా కూడబలుక్కుని పైకి చదివేయవచ్చు, అర్థం తెలియకపోయినా. ‘పొలిమేర’ అన్న మాటను ఎన్నడూ వినని పిల్లవాడు దాన్ని తప్పు లేకుండా చదువుతాడు, వాక్యం మాత్రం వాడికి అందదు. పెద్దలు ఆ గడగడను చూసి చదువు వచ్చేసిందనుకుంటారు. ఇలాంటి మాటలు బడికి వెళ్లే ముందే చెవిన పడాలి. అది ఇంట్లో జరగాల్సిన పని.

మన ఇళ్లకు ఆ పని కొత్త కాదు. ఏడు చేపల కథనే తీసుకోండి. ఏడుగురు రాజకొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. ఇలా ప్రశ్న మీద ప్రశ్నగా సాగి, చీమ పుట్టలో వేలు పెట్టిన పిల్లవాడి దగ్గర కథ తేలుతుంది. రెండోసారి చెప్పేటప్పుడే బిడ్డ తర్వాతి ప్రశ్నను తానే అందుకుంటాడు. మూడోసారి ఒక మెట్టు దాటేస్తే ఊరుకోడు, ఆవును మరిచిపోయావంటూ నిలదీస్తాడు. కారణం వెతకడం, వరుస గుర్తుపెట్టుకోవడం, రాబోయేది ఊహించడం అన్నీ అందులోనే ఉన్నాయి. చీమ కుట్టడం తప్పా అని అడిగి చూడండి, ఐదేళ్ల పిల్లలు గట్టిగా వాదిస్తారు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా ఈ పాఠం చెప్పగలదు. పొడుపు కథలు, చేతులు కలిపి ఆడే ఆటపాటలు కూడా ఇలాంటివే. శబ్దాలను విడదీసి వినడం వాటితో అలవాటవుతుంది.

చదవడం వచ్చిన పెద్దలుంటే రోజూ ఒక బొమ్మల పుస్తకం చాలు. వాక్యం కింద వేలు కదుపుతూ చదవాలి, పేజీ తిప్పే పని బిడ్డకు వదలాలి. అదే పుస్తకం పదిసార్లు అడిగితే పదిసార్లూ చదవాలి. పుస్తకాలు కొనలేనివారికి పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’ ఆన్‌లైన్ వేదికలో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అయితే ఫోను పెద్దల చేతిలో ఉండాలి, కథ పెద్దల నోట రావాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అన్నం ముద్దకో వీడియో చూపించే ఇళ్లలో ఆ గంట మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఇంగ్లిషు వెనకబడుతుందన్న భయంతో పిల్లలతో తెలుగు మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లిషులో ‘కమ్’, ‘సిట్’, ‘ఈట్’ అంటున్న తల్లిదండ్రులు పెరుగుతున్నారు. ఆ మూడు ముక్కల్లో కథ చెప్పలేరు, బిడ్డ అడిగే వంద ప్రశ్నలకు జవాబూ చెప్పలేరు. ఎనిమిదేళ్ల వరకు ఇంటి భాషలోనే బోధన సాగాలని 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. లంబాడీ, కోయ, గోండి మాట్లాడే ఇళ్లలో ఆ భాషలే ఇంటి భాషలు. వాటిని వదిలి తెలుగులో మాట్లాడమని ఆ తల్లులకు ఎవరూ ఉపదేశించనవసరం లేదు.

తెల్లవారుజామున లేచి పనికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే తల్లికి మరో బాధ్యత అంటగట్టడం మా ఉద్దేశం కాదు. ఇంట్లో తండ్రి కూడా ఉన్నాడు. ఈ విషయమై మాట్లాడేవారంతా తల్లులకే ఎందుకు చెబుతారో తెలియదు. పనికి వెళ్లే ఇళ్లకు తోడుగా అంగన్‌వాడీలు, గ్రంథాలయాలు నిలవాలి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును ప్రజలు కడుతూనే ఉన్నారు. స్థానిక సంస్థలు ఆ డబ్బును సకాలంలో జమచేయాలి. శాఖా గ్రంథాలయాలు పనివేళల తర్వాత కూడా తెరిచి ఉండాలి, బొమ్మల పుస్తకాలను అంగన్‌వాడీల ద్వారా ఇళ్లకు అరువివ్వాలి. చిరిగిపోతాయని బీరువాకు తాళం వేసే పద్ధతి మానాలి. రెండో తరగతి వరకు హోంవర్కే వద్దని బడి సంచుల బరువుపై కేంద్రం తెచ్చిన 2020 నాటి పాఠశాల సంచి విధానం చెబుతోంది. దాన్ని ప్రైవేటు బడుల్లోనూ అమలు చేయించే పని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలది. ఆ నాలుగు గీతల కాపీ బడిలోనే ఉండిపోతే, కథకు కావలసిన అరగంట ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది.