పేగుకు శిలాఫలకం

"21 రోజుల్లో సరికొత్త పేగు" అట, పేగు శుద్ధి పొడి ప్రకటన. పరగడుపున రెండు చెంచాల పొడి. రెండు డబ్బాలు కొంటే షేకర్ ఉచితం. పాపం పేగుకు ఇన్నాళ్లకు దిక్కు దొరికింది.

చిక్కల్లా ఒకటే. చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి ఎవరూ చెప్పకుండానే మారిపోతుంది. కణం ఆ పొరలోని చిన్న గుంత అడుగున పుట్టి, వేలిలా పొడుచుకొచ్చిన చూషకం గోడ పట్టుకుని పైకి పాకి, కొసన రాలిపోతుంది. కోర్సు ముగిసేలోగా నాలుగు తరాలు వచ్చి పోతాయి. మొదటి చెంచా నుంచి చివరి చెంచా దాకా చూసి సాక్ష్యం చెప్పగలిగేవి గుంత అడుగునే ఉండి వారాల తరబడి బతికే పానెత్ కణాలే. వాటినెవరు అడుగుతారు?

గాయమైనా అంతే. పొర లేచిన చోట అంచు కణాలు బల్లపరుపుగా సాగి, పాక్కుంటూ వెళ్లి నిమిషాల్లో, గంటల్లో కప్పేస్తాయి. ముందు టార్పాలిన్, తర్వాత ఇల్లు. ఇల్లు కట్టేవి గుంత అడుగున ఎల్‌జీఆర్5 అనే ప్రొటీన్ గుర్తున్న, కొత్త కణాలను పుట్టించే మూలకణాలు. 2007లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం వాటిని గుర్తించింది. రేడియేషన్‌కు అవీ చస్తే, పైకెళ్లిన పిల్లకణాలు వెనక్కి దిగొచ్చి మూలకణాలైపోతాయి. ప్రమోషన్ వచ్చినవాడు మళ్లీ కింది కౌంటర్లో కూర్చోవడం మన ఆఫీసుల్లో చూడం కాబట్టి నమ్మబుద్ధి కాదు.

ఇంత పనీ అయ్యాక పొడిగారు వేంచేస్తారు. తెల్లచొక్కా, కండువా. రిబ్బను కత్తిరించి "అంతా నా హయాంలోనే" అంటారు. ఫొటోకు అడ్డమని చూషకాలను పక్కకు జరగమంటారు. శిలాఫలకం మీద మూలకణం పేరు వెతకొద్దు. పోతూ పోతూ గోడకు రంగు కూడా వేయిస్తారు, నల్లరంగు. ఇలాంటి పొడుల్లో తరచూ ఉండే విరేచనాల ఆకు సునాముఖిని నెలల తరబడి మింగితే పెద్దపేగు కణాలు చచ్చి, వాటి మిగులు పేరుకుని గోడ నల్లబడుతుంది. దీని పేరు శుద్ధి! మానేస్తే కొన్ని నెలలకు వదులుతుంది లెండి.

పెద్దవాళ్ల డబ్బు, వాళ్లిష్టం. ఇలా అమ్ముకునేవాళ్లు పసిబిడ్డ నోటిదాకా వచ్చారే, అదీ ఒళ్లు మండేది. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ కొరికేది చూషకాల కొసలను. గుంతలు నిలిచే ఉంటాయి, అవే మళ్లీ కడతాయి. అందాకా కావలసినవి ఓఆర్ఎస్, తిండి, 14 రోజుల జింకు: ఆర్నెల్లు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6. ఆ పాళ్లలో గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, వెనకే నీళ్లు. లీటరుకు 80, 100 గ్రాముల చక్కెర పోస్తే నీళ్లు ఎదురు తిరిగి పేగులోకే వస్తాయి, విరేచనాలు ముదురుతాయి. అలాంటి తీపినీళ్ల డబ్బా మీద ఏళ్లపాటు ఓఆర్ఎస్ అని అచ్చేసుకోనిచ్చారు! హైదరాబాద్ పిల్లల డాక్టరొకరు ఏళ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రతా సంస్థ కుదరదనలేదు. అప్పటిదాకా తాగించిన తల్లులకు ఎవరు జవాబు చెబుతారు? ప్యాకెట్టు తిప్పి చదవండి. గ్లూకోజు లీటరుకు 13.5 గ్రాములు అని లేకపోతే అది సర్బత్తు.