మా నల్లకోడి గారికి ఒక విన్నపం

మహాలక్ష్మీ సమానురాలైన మా పెరటి నల్లకోడి గారికి, రోజూ పొద్దున్నే గంప ఎత్తేవాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనని కొత్తిమీర మడి చూడగానే తెలిసిపోయింది.

మిమ్మల్ని తెచ్చిన రోజు నా లెక్క చాలా సులువుగా ఉండేది. కూరగాయల తొక్కలు మీరు తింటారు, పురుగులు మీరు ఏరతారు, ఎరువు మీరిస్తారు, పైగా రోజుకో గుడ్డు. ఫోన్లో వీడియో పెట్టినాయన ఖర్చు సున్నా అన్నాడు. ఆయన వెనకాల కనిపించిన షెడ్డు ఎవరి డబ్బుతో కట్టాడో అడగాలని నాకు తట్టలేదు. వెల్డింగ్ షాపులో 12,000 ఇచ్చి ఇనప జాలీ, చిన్న మెట్లు, గుడ్లు పెట్టుకోవడానికి మూడు అరలు ఉన్న గూడు చేయించాను. ఆ అరల్లో మీరు ఇంతవరకు ఒక్క గుడ్డు పెట్టలేదు. మొదటిది విడిచిన బట్టల బుట్టలో పెట్టారు. రెండోది నా హెల్మెట్‌లో. ఊరి నుంచి అమ్మ తెచ్చిన పాత వెదురు గంప కింద మాత్రం బుద్ధిగా పడుకుంటారు. ముంగిస రాకుండా దాని మీద రాయి పెట్టేది నేనే. గూట్లో ఇప్పుడు పాత పేపర్లు దాస్తున్నాం.

"నాటుకోడి ఏడాదికి అరవై డెబ్భై గుడ్లు పెడితే గొప్పరా. రోజుకొకటని నీకెవరు చెప్పారు?" అంది అమ్మ. నేను అప్పటికే 365తో గుణించేసి ఉన్నాను. లోటు పూడ్చడానికి గ్రామప్రియ పెట్టల్ని తెచ్చాను. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన జాతి, మీకు రెండింతల పైనే పెడతాయి. పొదగమంటే మాత్రం తమకు సంబంధం లేనట్టు వెళ్లిపోతాయి. అందుకని వాటి గుడ్లు పదకొండు మీ కింద పెట్టాం. అమ్మ ఒక్కో గుడ్డు మీద బొగ్గుతో గీత గీసింది. ఏడో రాత్రి టార్చి పెట్టి చూస్తే తొమ్మిదింట్లో ఎర్రటి దారాల్లా నరాలు. మీరు రోజుకోసారి లేచి నాలుగు నూకలు తిని, మళ్లీ వెళ్లి కూర్చునేవారు. చెయ్యి పెడితే పొడిచేవారు. 21వ రోజుకి ఎనిమిది పిల్లలు.

వాటికి కొక్కెర తెగులు రాకుండా ఏడో రోజు కంట్లో లసోటా టీకా చుక్క వేయాలి. షాపులో వంద డోసుల సీసా తప్ప చిన్నది లేదన్నారు. కలిపాక రెండు గంటల్లో వాడేయాలట. ఫ్లాస్కులో ఐసు వేసుకుని, మిగిలిన చుక్కల కోసం కోడిపిల్లలున్న ఇళ్లు వెతుక్కుంటూ కాలనీ అంతా తిరిగాను. ఇరవై మూడు కోడిపిల్లలు దొరికాయి. ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నా ఎవరూ నా పేరు అడగలేదు. ఇప్పుడు అందరికీ నేను కోళ్ల డాక్టర్ని.

ఎరువు సంగతి కూడా చెప్పుకోవాలి. మీ గంప కింద ఊడ్చింది ఊడ్చినట్టే టమాటా మొదళ్లలో వేశాను. వారంలో మొక్కలు మాడిపోయాయి. పచ్చి పెంట వేడి చేస్తుందని, ఎండుటాకుల్లో కలిపి కొన్ని నెలలు మాగనివ్వాలని తర్వాత తెలిసింది. తప్పు నాదే. ఇందులో మిమ్మల్ని అనడానికేం లేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఇంకోటి. మొన్న వానల్లో బాత్రూం గడప మీదికి జానెడు జెర్రి వచ్చింది. నేను స్టూలెక్కాను. మీరు వచ్చి, తల ఒక పక్కకి వాల్చి చూసి, రెండు పోట్లలో ముగించి మింగేశారు. అందుకు కృతజ్ఞతగా హెల్మెట్ కేసు వాపసు తీసుకుంటున్నాను.

మా ఆవిడ లెక్కలు వేరు. గూడు, దాణా, మందులు అన్నీ కలిపి గుడ్డు ఒక్కింటికి 38 రూపాయలు తేల్చింది. కొట్లో ఏడు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకకు" అన్నాను. "గుడ్డేది? రెండు నెలలుగా ఈకలేగా రాలుస్తోంది" అంది. పాత ఈకలు వదిలి కొత్తవి తొడుక్కునే కాలంలో మీరు గుడ్లు ఆపేస్తారని నేను వివరించబోయాను. తనకి మాత్రం అది జీతంతో కూడిన సెలవులాగే కనిపించింది. మా బావమరిది ఆదివారం వచ్చినప్పుడల్లా మీ వంక చూసి "ఎప్పుడు బావా?" అంటాడు. పులుసు మాట ఎత్తితే అమ్మ అన్నం మానేస్తుందని చెప్పి ఇంతవరకు నెట్టుకొస్తున్నాను.

మీ పుంజు గారి సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. తన కోడి కూయకపోతే తెల్లారదనుకున్న అవ్వ కథ విన్నాం గానీ, మూడున్నరకే తెల్లారిపోతోందని ఎదురింటాయన గోల.

ఇంతలో మీ కొక్కొక్కో వినిపించింది, రెండు నెలల తర్వాత. వచ్చింది మన పెరట్లోంచి కాదు. ఎదురింటాయన ఆఫీసుకి తయారై, వరండాలో హెల్మెట్ తీసుకుంటున్నాడు. పరిగెత్తాలి, ఉంటాను.

ఇట్లు,
తమ గంప ఎత్తేవాడు