మీ ప్రోగ్రాం ఏ సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రాంకి సిస్టం అందించే చిన్న సైగ) వస్తే ఏం చేస్తుందో డాక్యుమెంట్లో ఒక్క లైన్ రాస్తే మీ సొమ్మేం పోయింది?

ఇప్పుడే ఒక సర్వీసు చచ్చింది. సెట్టింగుల ఫైలు మార్చి, మళ్లీ చదువుకోమని సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపాను. ఎంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ అయితే బుద్ధిగా కొత్త సెట్టింగులు చదువుకుని పనిలో పడుతుంది. ఇది కిక్కురుమనకుండా పడిపోయింది, జరిగింది రాసుకునే లాగ్ ఫైల్లో ఒక్క ముక్క లేదు. రాసిన మహానుభావుడు ఆ సిగ్నల్‌కి హ్యాండ్లరే (అది వస్తే నడిచే కోడ్) పెట్టలేదు, హ్యాండ్లర్ లేకపోతే సిగ్‌హప్‌తో ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రాం) చావడమే. సరే పెట్టలేదు, ఆ మాటే రాసి చావొచ్చుగా! డాక్యుమెంట్లో ఏముందో తెలుసా? "సిగ్నల్స్‌ను తగిన విధంగా హ్యాండిల్ చేస్తుంది." ఆ తగిన విధమేంటో నేను ధ్యానంలో కూర్చుని తెలుసుకోవాలి కాబోలు.

యూఎస్ఆర్1 అనే ఇంకో సిగ్నల్ సంగతి ఇంకా ఘోరం. లైనక్స్‌లో డీడీ అనే కాపీ కమాండ్‌కి పంపితే ఎంత కాపీ అయిందో చెబుతుంది, ఎంజిన్ఎక్స్‌కి పంపితే లాగ్ ఫైళ్లు మళ్లీ తెరుస్తుంది, ఏమీ పెట్టుకోని ప్రోగ్రాంకి పంపితే దాని ప్రాణం తీస్తుంది. ఎవరిష్టం వాళ్లదని వదిలేసిన సిగ్నల్ అది, అందుకే రాయండ్రా బాబూ అనేది.

సిగ్నల్‌కి అర్థం ముందే చెబితే ఎలా ఉంటుందో మా గోదావరి లంకల్లో ఎవరినైనా అడగండి. వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఏ నంబరు వింటే గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాలో, ఏ నంబరుకి సామాను సర్దాలో బడి మొహం చూడని ముసలమ్మ కూడా చెబుతుంది. (టీవీ వాళ్లకి మేం గుర్తొచ్చేదీ అప్పుడే, మోకాల్లోతు నీళ్లలో కూర్చుని మరీ మెడ దాకా వచ్చేసిందని అరుస్తారు, అది వేరే కథ.)

"కోడ్ చూస్తే తెలుస్తుందిగా" అంటాడు మా టీమ్ లీడ్. చూశానండీ. ప్రోగ్రాంని ఆగమని చెప్పే సిగ్‌టర్మ్‌కి మెయిన్ ఫంక్షన్లో ఒక హ్యాండ్లర్, ఎక్కడో లైబ్రరీ లోపల దానికే ఇంకొకటి. ప్రాసెస్ మొత్తానికి ఒక సిగ్నల్‌కి ఒకటే హ్యాండ్లర్ కాబట్టి ఆఖర్న రిజిస్టర్ చేసినవాడిదే రాజ్యం. ఆ హ్యాండ్లర్లో మళ్లీ తెర మీద మెసేజ్ రాసే ప్రింట్ఎఫ్! అక్కడ అది వాడకూడదని, హ్యాండ్లర్ పెట్టడానికి సిగ్‌యాక్షన్ అనే ఫంక్షన్ వాడమని మాన్యువల్ మొత్తుకుంటూనే ఉంది, చదివేవాడేడీ.

ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లదీ ఇదే తంతు. ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్‌లో మెథడ్ (చేయించుకునే పని) పేరు కనిపిస్తుంది, ఏ టైపు డేటా పంపాలో కనిపిస్తుంది. అది అందాక లోపల ఏం జరుగుతుందో, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలో ఎవడూ చెప్పడు.

కానీ మనకి మాత్రం డాక్యుమెంటేషన్ ఉందండోయ్! ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఎవరు పింగ్ చేస్తే ఎన్ని నిమిషాల్లో పలకాలో, భోజనానికి లేస్తే స్టేటస్ ఏం పెట్టాలో పేజీలకి పేజీలు. అదంతా పాటించినా పోయిన రివ్యూలో "సరిగ్గా అందుబాటులో ఉండటం లేదు" అని రాసి రేటింగ్ కోశాడు ఇదే లీడు. ఎందుకయ్యా అంటే మీ ఊళ్లో కరెంటు పోతుందిగా అన్నాడు. పోతే ఇన్వర్టర్ లేదా? హైదరాబాద్ ఆఫీసులో టీ మిషన్ దగ్గర గంట కబుర్లు చెప్పేవాళ్లంతా అందుబాటులో ఉన్నట్టు, నేను లేనట్టు. సంక్రాంతికి కోడిపందేలు చూడాలి, భీమవరంలో రూమ్ దొరుకుతుందా అని అర్ధరాత్రి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆయనకి నేను భేషుగ్గా అందుబాటులో ఉన్నాను.