తొండం మొలిచిన థార్

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు కుర్రాడు సాహసయాత్రికుడయ్యాడు. మహీంద్రా వాళ్ల థార్ జీపు కొని దానికి తొండం మొలిపించాడు. దాన్ని స్నోర్కెల్ అంటారట. ఏరు దాటేటప్పుడు ఇంజన్లోకి నీళ్లు పోకుండా పైనుంచి గాలి పీల్చే గొట్టం. అది లేకపోయినా థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగుతుందని కంపెనీయే చెబుతోంది. మావాడు రోజూ వెళ్లేది గచ్చిబౌలికి. దారిలో ఏరులేమీ లేవు, వానాకాలం సాయంత్రాలు తప్ప.

తొండం తర్వాత కోరలు రావాలి కదా, ఇనుప బంపరొచ్చింది. అలాంటి బుల్‌బార్లు చట్టవిరుద్ధమని 2017 చివర్లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన రూపం మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పాపం, ధర్మాసనానికి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేదు. బంపర్లో 12,000 పౌండ్లు లాగే వించ్ (ఇరుక్కున్న బండిని వైరుతో బయటికి లాగే యంత్రం), వెనక ఇంధనం పోసుకునే రెండు జెర్రీ క్యాన్లు (ఖాళీవి), నెత్తిన లక్షకు పైగా పోసి కొన్న గుడారం. గుడారంతో కలిపి ఎత్తు ఏడడుగులు దాటడంతో బండి సెల్లార్లోకి దిగడం మానేసింది. ఇప్పుడు ఆ ఆఫ్‌రోడ్ వాహనం రాత్రింబవళ్లు గేటు ముందు రోడ్డు మీదే ఉంటోంది.

ఇంతా చేసి ఆ థార్ టూ వీల్ డ్రైవ్. 2023లో చవగ్గా వచ్చిన రకం, ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను మాత్రమే. గుడారానికి లక్ష పోసినవాడు ముందు చక్రాల దగ్గర పీనాసి ఎందుకయ్యాడో అడిగాను. "లుక్ సేమ్ అంకుల్" అన్నాడు.

మొన్న ఆదివారం దండయాత్ర. అనంతగిరి కొండలు, 80 కిలోమీటర్లు, నున్నటి తారు రోడ్డు. ఇంత సరంజామాతో తారు మీదే వెళ్లొస్తే పరువేం కాను? వికారాబాద్ దాటి తాండూరు వైపు పోతూ, పక్కన పచ్చగా కనబడిన చోట బండి దింపాడు. ముందురోజే వాన పడిన నల్లరేగడి. నాలుగు గజాలు పోయేసరికి వెనక చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. ఇలాంటప్పుడు టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు దొరుకుతుందని పాత జీపు డ్రైవరెవడైనా చెబుతాడు. దానికి పైసా ఖర్చు లేదు, అందుకే మావాడి జాబితాలో లేదు. వించ్ వైరు బయటికి లాగాడు. దాన్ని కట్టడానికి చెట్టు కావాలి. కనుచూపు మేరలో ఉన్నవన్నీ మోకాలెత్తు మొక్కలు. వైరు కొక్కెం చేత్తో పట్టుకుని ఆ మొక్కల మధ్య పావుగంట తిరిగాడు. ఇదంతా వీడియో తీసి నాకు చూపించాడు కనుక చెప్పగలుగుతున్నాను.

చివరికి ఒక రైతు ట్రాక్టర్ తెచ్చి, గొలుసు కట్టి, రెండు నిమిషాల్లో లాగేశాడు. వీడియో చివర్లో ఆయన మాట వినబడుతుంది: "గిన్ని సామాన్లు ఎక్కిచ్చినవ్, ముంగట గుంజే మిషిను గూడ వెట్టినవ్. గదెందుకు సారూ మరి?" మావాడు నవ్వి, డీజిల్‌కని 500 ఇచ్చాడు.

ఆ మోకాలెత్తు మొక్కలు కంది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు మీద దక్కే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, సూపర్‌మార్కెట్లో ఆ పేరు చూసి మరీ కొంటాం. ఆఫ్‌రోడ్ అట! రోడ్డు దిగితే ఎవడిదీ కాని చోటుంటుందని ఎవరు చెప్పారు నాయనా నీకు? అది ఒకడి చేను. విత్తనానికీ ఎరువుకూ కలుపు కూలీలకూ అప్పు తెచ్చి పెట్టినవాడి చేను. ట్రాక్టర్‌కి డబ్బిచ్చావు, తొక్కేసిన సాళ్లకిచ్చావా? తెగ్గొట్టిన గట్టు మళ్లీ వేశావా? అది చేనని తెలుసా నీకసలు? పైగా దానికి 'నేచర్' అని పేరు పెట్టి లోకానికి చూపించావు. నీ ఫ్లాట్ హాల్లోకి ఆయన అదే ట్రాక్టర్ తోలుకొచ్చి సోఫాలు తొక్కించి, దాన్ని సాహసయాత్ర అంటే ఊరుకుంటావా?

సోమవారం ఆఫీసులో అందరూ చూడాలి కనుక బురద కడగొద్దని వాచ్‌మన్‌కు చెప్పి పైకెళ్లాడు. వాచ్‌మన్ది పాలమూరు, రెండెకరాలు కౌలుకిచ్చి వచ్చినవాడు. బండి చుట్టూ ఓసారి తిరిగి, బంపర్ సందులో చెయ్యి పెట్టి, వేళ్లతో సహా ఇరుక్కున్న మొక్కనొకదాన్ని బయటికి లాగాడు.

"కంది సార్. మంచిగ ఎదిగింది," అన్నాడు. కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.